చల్లబడ్డ మూడు సీసాలు

తొమ్మిదేళ్ల కిందట ఒక వేసవి ఉదయం, ప్రొద్దుటూరులో నేను పనిచేసే నర్సింగ్ హోమ్ ల్యాబులో, మూడు రక్తపు సీసాల మీద తప్పు సమయం రాశాను. ముందురోజు సాయంత్రం తీసిన రక్తాన్ని ఆ ఉదయమే తీసినట్టు రాశాను. ఆ సీసాలు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఉండకూడదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు, రోగికి చెప్పలేదు, ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు. ఆ సీసాల రిపోర్టును నమ్మి ఇచ్చిన మందు తర్వాత ఒకామె కుడి చెయ్యి పడిపోయింది. అది తన తప్పేనని ఆమె ఇన్నేళ్లూ నమ్మింది. అట్లా నమ్ముతోందని నాకు తెలుసు.

ఎడమ కంటి పొర దెబ్బతిని మైక్రోస్కోపు చూడలేక, యాభై మూడేళ్లకే పని మానుకున్నాను. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదువుతున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, మీ అనుభవం రాసిపెట్టండి సార్ అన్నారు. నా అనుభవంలో రాయదగ్గది ఇదొక్కటే. మిగతాదంతా దీనికి ముందుమాట. పేర్లు మార్చాను. ఆమెను అడిగాకే రాస్తున్నాను.

లేదని రాసేటప్పుడు

నేను పని నేర్చుకున్నది పులివెందులలో, దస్తగిరి సాబ్ దగ్గర. ఒక గది, ఒక మైక్రోస్కోపు, రోగులు కూర్చోవడానికి ఒక బల్ల. ఆయనకు కోపం ఎక్కువ. స్లైడు సరిగా రంగు పట్టకపోతే నేలకేసి కొట్టి, ముక్కలు నా చేతనే ఎత్తించేవాడు. ఆయన చేసేవన్నీ సరైనవి కావని కూడా చెప్పాలి. చేతి తొడుగులు వేసుకున్నది నేనెప్పుడూ చూడలేదు.

ఒకసారి చక్రాయపేట నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి రక్తంలో మలేరియా లేదని రాసి ఇచ్చాను. సాబ్ ఆ కాగితం నా చేతిలోనే పెట్టి, మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు.

"ఎంతసేపు చూసినావు?"

"ఐదు నిమిషాలు సాబ్."

"ఉందని రాస్తే డాక్టరు ఇంగోసారి చూస్తాడు నాయనా. లేదని రాస్తే ఎవురూ చూడరు. ఆ మాట ఆడికే ఆఖరు. లేదని రాసేటప్పుడు నీ పెండ్లాం బిడ్డల మీద ఒట్టేసినట్టు రాయల్ల."

"నాకు పెండ్లి కాలేదు సాబ్."

"అందుకే ఐదు నిమిషాలకే బిన్నా రాసేస్తాండావు."

ఇరవై నిమిషాలు చూశాక స్లైడులో ఒక మూల మలేరియా క్రిమి దొరికింది. ఆ కాపరి బతికాడు. సాబ్ మాట మాత్రం నాకు చెవి దాకానే వచ్చింది, చేతికి రాలేదు. చేతికి రావడానికి ఇంకా ఎంత కాలం పట్టిందో ముందుముందు చెబుతాను.

కాపలా లేని తోట

ప్రొద్దుటూరులో నేను చేరిన నర్సింగ్ హోమ్ పెద్ద డాక్టరు మా ప్రాంతం మనిషే. రోగులను అప్పా, అమ్మా అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదొకటి మీకు చెప్పాలి, ఎందుకంటే ఈ కాలంలో ఇట్లాంటి రోగులే ఎక్కువగా వస్తున్నారు: చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, కేన్సరు మందులు ఎక్కించుకుంటున్నవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలు మానకుండా మింగేవాళ్లు.

ఖాజీపేట రైతు ఒకాయన కాలిలో ముల్లు విరిగి, పాదం నల్లబడి వచ్చాడు. చక్కెర చాలా ఎక్కువ. జ్వరం లేదు. రక్తంలో తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. నేను సంతోషంగా, "ఇన్‌ఫెక్షన్ ఏమీ లేనట్టుంది సార్" అన్నాను.

డాక్టరు నవ్వలేదు. "కుక్క లేని తోటలో దొంగ పడితే అరుపులు యాడొస్తాయి నారాయణా? అరుపుల్లేవని దొంగ లేడనుకుంటే తెల్లారేసరికి కాయ మిగలదు" అన్నాడు. ఆ రోజే ఆ పాదంలో కొంత భాగం తీసేశారు.

ఒంట్లో కాపలా తగ్గినవాళ్లకు పెద్ద జబ్బు కూడా చిన్న గొంతుతో మాట్లాడుతుంది. కొంచెం వెచ్చదనం, కొంచెం నీరసం, అన్నం సయించకపోవడం. అంతే ఉంటుంది. గుండె కవాటం మీద క్రిములు గూడు కట్టినా అంతే. మన గుండెలో తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయి. వాటిలో ఒకటి ముందే కాస్త పాడై ఉంటే, రక్తంలో తిరిగే క్రిమి దానిమీద నిలబడి పెరుగుతుంది. ఆ గూడు నుంచి ఒక ముక్క ఊడి మెదడుకు పోవచ్చు. దాన్ని పట్టుకోవడానికి డాక్టరుకు ఉన్న గట్టి ఆధారం రక్తం కల్చర్. క్రిములను చంపే మందు మొదలుపెట్టకముందే, వేరువేరు చోట్ల మూడుసార్లు రక్తం తీసి, క్రిమికి ఆహారం ఉన్న సీసాల్లో వేసి, వెచ్చగా ఉంచి, పెరుగుతుందేమో చూడాలి.

ఆ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లదనానికి కొన్ని క్రిములు చస్తాయి, కొన్ని లేవలేనట్టు పడి ఉంటాయి. ఇది నాకు ఆ రోజు కూడా తెలుసు.

నాగేశ్వరి

ఆమెది జమ్మలమడుగు. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకొని జాకెట్లు కుట్టేది. అప్పటికి ముప్పై ఆరేళ్లు. భర్త ఓబులేసు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు. ఆమెకు లూపస్. అంటే ఒంట్లోని కాపలానే ఒంటి మీద పడే జబ్బు. దాన్ని అణచడానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతోంది. ఆ జబ్బు వల్లనే గుండె కవాటం ఒకటి కొంచెం కారుతోంది.

మూడు వారాలుగా సన్నని జ్వరమని వచ్చింది. డాక్టరు మాత్రల గురించి అడిగితే తల దించుకుంది. పెళ్లిళ్ల కాలం, చేతిలో ఇరవై జాకెట్లు ఉన్నాయి, మాత్రలు అయిపోయాయి, జమ్మలమడుగులో దొరకలేదు, ప్రొద్దుటూరు రావడానికి తీరలేదు. జ్వరం మొదలయ్యే ముందు నాలుగు రోజులు మాత్ర మింగలేదు.

"జాకెట్టుకు కొలత తప్పితే పెండ్లికూతురు తిడతాదని భయం. సచ్చిపోతానని మాత్రం భయం లేదు సార్ ఈమెకు" అన్నాడు ఓబులేసు.

"నువ్వు తెచ్చిండొచ్చు కదప్పా మాత్రలు?" అన్నాడు డాక్టరు. ఓబులేసు గోడ వైపు చూశాడు.

డాక్టరు ముందు రెండు దారులున్నాయి. మాత్రలు ఆపినందువల్ల లూపస్ తిరగబెట్టిందా? అయితే స్టెరాయిడ్ పెంచాలి. కవాటం మీద క్రిమి చేరిందా? అయితే స్టెరాయిడ్ పెంచడం ప్రమాదం, వారాల తరబడి క్రిమిని చంపే మందు ఎక్కించాలి. స్కానింగ్‌లో కవాటం మీద ఏదీ స్పష్టంగా కనబడలేదు. "కల్చర్ చెప్పల్ల" అని ఆయన నన్ను పిలిపించాడు.

ఆమె చేతుల్లో నరాలు దారపు పోగుల్లా ఉన్నాయి, సూది తగలగానే పక్కకు జరిగేవి. మూడుసార్లు రక్తం తీయడానికి ఎనిమిది పోట్లు పొడిచాను. ప్రతిసారికీ మధ్య ఆగాను, చర్మం శుభ్రంగా తుడిచాను. అందులో ఏ లోపమూ చేయలేదు.

ఐదో పోటు దగ్గర ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మాటల్లో పెడదామని, "సూదిలోకి దారం ఎక్కకపోతే నువ్వేం చేస్తావమ్మా?" అన్నాను.

"ఎంగిలి చేసి ఎక్కిస్తా" అంది. "అట్లని నా నరాన్ని ఎంగిలి చేయొద్దన్నా."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే ఆరో పోటుకు రక్తం వచ్చింది.

మెట్లు

కల్చర్ చేసే యంత్రం మా దగ్గర లేదు. కడపలోని ఒక ల్యాబు నుంచి రవి అనే మనిషి మోటారు సైకిల్ మీద వచ్చి నమూనాలు తీసుకుపోయేవాడు. ఆ రోజు నేను మూడో సీసా నింపేసరికి అతను వెళ్లిపోయి గంట దాటింది. బయట నిప్పులు చెరిగే ఎండ కాసి అప్పుడే వాలింది. మా ప్రాంతంలో పాలైనా, మల్లెపూలైనా, రక్తమైనా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టడమే మాకు తెలిసిన జాగ్రత్త. ఇరవై ఏళ్ల అలవాటుతో, మిగతా నమూనాలతో పాటు ఆ మూడు సీసాలనూ లోపల పెట్టి ఇంటికి పోయాను.

ఉదయం ఫ్రిజ్ తెరిచినప్పుడు చూశాను. సీసాలు మంచులా ఉన్నాయి.

అప్పటికింకా ఏమీ చేయి దాటిపోలేదు. ఆమె పైన రెండో అంతస్తులో ఉంది. క్రిములను చంపే మందు మొదలుకాలేదు. మెట్లెక్కి, "అమ్మా, నాది పొరపాటు, ఇంకోసారి తీయాలి" అంటే సరిపోయేది. ఆమె చేతుల నిండా నల్లమచ్చలు గుర్తొచ్చాయి. మళ్లీ ఎనిమిది పోట్లా అనుకున్నాను. చాలా ఏళ్లు దాన్ని జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. జాలి కొంత ఉన్న మాట నిజమే. దాని వెనక ఉన్నది డాక్టరు ముందు తలవంపు. ఇంత అనుభవం ఉన్న నారాయణ కల్చర్ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాడంటారని భయం.

తొమ్మిదింటికి రవి వచ్చాడు. సీసా పట్టుకొని, "ఏందన్నా ఇవి, కూల్‌డ్రింకుల మాదిరి ఉండాయి?" అన్నాడు.

"ఇప్పుడే తీసినాలేప్పా. ఏసీ గదిలో ఉండె."

అతను నా ముఖం చూశాడు, సీసాల మీద నేను అంటించిన కొత్త చీటీలు చూశాడు. ఉదయం ఎనిమిది గంటలని ఉంది వాటి మీద. "సరే, నీ ఇష్టం" అని సంచిలో వేసుకున్నాడు.

ఐదు రోజులకు రిపోర్టు వచ్చింది. మూడింట్లోనూ క్రిమి పెరగలేదు. డాక్టరు స్వయంగా ల్యాబుకు వచ్చాడు.

"మూడూ సరిగ్గానే తీసినావు కదా నారాయణా?"

"తీసినా సార్."

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సరిగ్గానే తీశాను. నిజం చెప్పి కూడా మోసం చేయవచ్చని ఆ రోజు తెలిసింది.

ఆయన స్టెరాయిడ్ పెంచాడు. జ్వరం తగ్గింది. అందరం సంతోషించాం. స్టెరాయిడ్ జ్వరాన్ని అణచిందే తప్ప జబ్బును కాదు. ఇంటికి పోయిన పన్నెండో రోజు, మిషను మీద కూర్చొని ఉండగా కత్తెర ఆమె కుడిచేతి నుంచి జారిపడింది. వంగి తీసుకోబోతే చెయ్యి రాలేదు. ఓబులేసును పిలవబోతే మాట రాలేదు.

వేరే ఊళ్లో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ తీసిన రక్తంలో క్రిమి పెరిగింది. కవాటం మీద గూడు కనబడింది. ముక్క ఊడి మెదడుకు పోయింది. ఆరు వారాలు మందు ఎక్కించి, కవాటం మార్చి, లోహపు కవాటం పెట్టారు. ప్రాణం నిలబడింది.

ఒక విషయంలో న్యాయంగా ఉండాలి. సీసాలు చల్లబడకపోతే క్రిమి తప్పకుండా పెరిగి ఉండేదని నేను రుజువు చేయలేను. ఎవరూ చేయలేరు. కానీ చల్లబడ్డాయని చెప్పి ఉంటే, డాక్టరు ఆ రిపోర్టు మీద ఆనుకొని ఉండేవాడు కాదు.

నెలకోసారి

లోహపు కవాటం ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాలి. ఆ మోతాదు సరిచూడటానికి నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలి. నాగేశ్వరి ఆ పరీక్షకు మా ల్యాబుకే వచ్చేది. వేరేచోట వద్దనేదట. ఎనిమిదేళ్లు వచ్చింది.

కుడిచెయ్యి ఒడిలో పెట్టుకొని ఎడమ చెయ్యి చాపేది. మాట తిరిగి వచ్చింది కానీ ఒక్కో పదం వెతుక్కుంటూ వచ్చేది. "నారాయణన్న... సూది... నొప్పే తెలీదు" అని పక్కవాళ్లకు చెప్పేది. ఆ మెప్పు వింటూ దూదితో ఆమె చెయ్యి అదిమి పట్టుకునేవాణ్ని.

ఓబులేసు చెడ్డవాడు కాదు. ఆమె జడ తనే అల్లేవాడు. వంకరటింకరగా ఉండేది ఆ జడ. కానీ నోరు ఊరుకోదు. "నాలుగు దినాలు మాత్రలు మానె, సచ్చేదాకా మాత్రలు తినే రాత తెచ్చుకునె. ఇంగేం జేస్తాం అన్నా?" అని వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక తీరున అనేవాడు. ఆమె సగం నవ్వుతో తల ఊపేది. మెదడు దెబ్బకు ముఖంలో ఒక పక్కే నవ్వు వచ్చేది.

చెప్పాలని ప్రతి నెలా అనుకున్నాను. ఉద్యోగం పోతుందని ఒక ఏడాది, నర్సింగ్ హోమ్‌కు చెడ్డపేరని ఒక ఏడాది, ఇప్పుడు చెప్పి ఏం లాభమని మిగతా ఏళ్లు వాయిదా వేశాను.

నేను పని మానుకునే ముందు నెల, బల్ల మీద ఆమె పక్కన కాలేజీ చదివే అమ్మాయి ఒకతె కూర్చుంది. ఆ పిల్లకూ లూపస్సే. నాగేశ్వరి ఎడమ చేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకొని, "మాత్రలు... ఆపొద్దమ్మా. నేను... ఆపినా. నా మాదిరి... కావొద్దు" అంది. ఆ పిల్ల భయంగా ఆమె కుడిచెయ్యి వైపు చూసింది.

మాత్రలు ఆపకూడదన్నది మంచి సలహానే. దాన్ని ఇవ్వడానికి ఆమె తనను తాను దోషిగా చూపించుకుంటోంది. నేను అద్దాల కిటికీ వెనక నిలబడి వింటున్నాను. ఆ రోజు ఆమె రక్తం తీయమని నా కింది అబ్బాయికి చెప్పి, వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు

నేను చెప్పగలిగింది కొంచెమే. పొరపాటు చేయని చెయ్యి ఉండదు. పొరపాటుకూ చేటుకూ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. కొన్నిసార్లు ఒక గంట, కొన్నిసార్లు రెండంతస్తుల మెట్లు. ఆ ఖాళీలోనే చెప్పేయండి. తిడతారు. తిట్టించుకోండి. స్టెరాయిడ్ల మీద ఉన్న మనిషికి సన్నని జ్వరమంటే, ఆ నమూనా విషయంలో ఇంకా కఠినంగా ఉండండి. వాళ్ల ఒళ్లు గట్టిగా అరవదు, వాళ్ల తరఫున మాట్లాడేది మీ సీసానే. చల్లబడిన సీసా, ఆలస్యమైన సీసా, చీటీ తప్పిన సీసా, ఏదైనా సరే ఉన్నది ఉన్నట్టు రాయండి. రోగికి నొప్పి పుడుతుందని రెండో పోటు మానేయకండి. జాలి ఉంటే మెల్లగా పొడవండి.

జమ్మలమడుగు

పని మానుకున్నాక, నిజం చెప్పడానికి ముందు డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ముసలివాడయ్యాడు, ఇంకా రోగులను చూస్తున్నాడు. అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ స్టెరాయిడ్ చీటీ రాసిన చేతిని ఇన్నేండ్లూ తిట్టుకుంటా ఉండా నారాయణా" అన్నాడు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకొని, "నా దగ్గర చెప్పి తేలిక చేసుకోని పోవాకు. జమ్మలమడుగుకు పో. వాళ్లు కేసు పెడతామనినా ఊ అను" అన్నాడు.

మరుసటి ఆదివారం పోయాను. మధ్యాహ్నం పన్నెండయింది. ముందు గదిలో మిషను అట్లాగే ఉంది. ఆమె జాకెట్టును మోకాలి కింద అదిమిపెట్టి, ఎడమ చేత్తో హుక్కులు కుడుతోంది. కుట్టు పని ఇప్పుడు అంతవరకే. నన్ను చూసి ఆమె ముఖం ఒక పక్క వెలిగింది.

"ఏందన్నా, పరీక్షలు ఇండ్ల కాడికి వచ్చి చేస్తాండారా?" అని ఓబులేసు కుర్చీ వేశాడు. కాఫీ పెడతానని లేచాడు. కూర్చోమన్నాను. కాఫీ తాగాక చెబితే ఆ కాఫీ కూడా మోసం చేసి తాగినట్టే.

మొదటి నుంచి చెప్పాను. ఎనిమిది పోట్లు, ఫ్రిజ్, ఉదయం, రవి అడిగిన మాట, నేను రాసిన సమయం, డాక్టరు అడిగిన మాట. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. "ఎనిమిదేండ్లు మా చెయ్యి పట్టుకోని రక్తం తీసినావు గదన్నా" అన్నాడు. "నెల నెలా మా మొగాలు చూసినావు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది.

"చూసినానప్పా. కేసు పెట్టాలనుకుంటే పెట్టు. నేను చెప్పిందే ఆడ కూడా చెబుతా."

నాగేశ్వరి సూదిని జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది. నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా పొమ్మంటుందనుకున్నాను. ఆమె ఒక్కో పదం వెతుక్కుంటోంది.

"అయితే... మాత్రలు ఆపినందుకు... కాదా?"

"కాదమ్మా. లూపస్ తిరగబెట్టిందని మేమనుకున్నది తప్పు. నిన్ను పడగొట్టింది కవాటం మీది క్రిమి. ఆ క్రిమిని వెతికే దారి నేను మూసినాను."

ఆమె ఎడమచెయ్యి ఎత్తి, గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడ్డ భర్తను చూపించింది.

"ఆయప్పకు చెప్పు. ఇంగోసారి. ఈ పక్కకు తిరిగినాక... చెప్పు."

ఓబులేసు వెంటనే తిరగలేదు. ఆమె పిలవలేదు, ఎదురుచూసింది. కాసేపటికి అతను మా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతను నన్ను కాదు, ఆమెను చూస్తున్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"ఓబులేసూ, నాగేశ్వరి తప్పు లేదు. మాత్రలు ఆపినందుకు కాదు ఈ చెయ్యి పోయింది. నేను తప్పు చేసి దాచిపెట్టినా, నువ్వు ఆ తప్పు ఈమె మీద వేస్తా ఉంటే విని కూడా గమ్మునుండినా. తల్లీ, రెండిటికీ నన్ను మన్నించు."